ఎర్ర గాజుబిళ్ళ

పోలీసు స్టేషను బల్ల మీద కెమెరా పెట్టి
ఎగోన్ విట్కోవ్‌స్కీ రసీదు అడిగాడు.
గుమస్తా రాశాడు: కెమెరా ఒకటి. పాతది. పట్టీ తెగినది.
లెన్సు సంగతి కూడా రాయమన్నాడు ఈయన.
రాయలేదు.

అది నలభై రెండు, లాస్ ఏంజెలెస్, వానలు వెలిసిన నెల.
పుట్టిన దేశం, నువ్వు మావాడివి కాదని కాగితం పంపింది.
వచ్చిన దేశం, నువ్వు అక్కడివాడివేనని కాగితం చేతిలో పెట్టింది.
శత్రుదేశస్థుడి ఇంట్లో కెమెరా ఉండకూడదు.
రాత్రి ఎనిమిది దాటాక శత్రుదేశస్థుడు వీధిలో ఉండకూడదు.
పొద్దున స్టూడియోలో మాత్రం
మనిషంత కెమెరా ఆయన కోసం కాచుకుని ఉండేది.
దానికి ఫిల్ము తినిపించేవాణ్ణి నేను.
బాయిల్ హైట్స్ కుర్రాణ్ణి, పంతొమ్మిదేళ్ళు,
ఎలూతెరియో అనే నా పేరు ఆయన నోట్లో 'తేరో' అయింది.

బ్రెస్లావ్‌లో వాళ్ళమ్మ ఊరివాళ్ళ దుప్పట్లు ఉతికేదట.
తెలుపులు పదకొండు, అనేవాడు.
గంజి పెట్టిన తెలుపు, మంచులో ఆరేసిన తెలుపు,
నీలిమందు ఎక్కువైన తెలుపు,
జబ్బుమనిషి కిందనుంచి లాగిన తెలుపు.
మిగతావి చెప్పమంటే లైటు వైపు చెయ్యి చూపించేవాడు.
బెర్లిన్‌లో మాటల్లేని సినిమాలకి
కూనిరాగం తీస్తూ చేత్తో తిప్పాడు కెమెరా.
రాగం సాగిందా, తెర మీద హీరో పరుగెత్తేవాడట.
పారిస్‌లో రెండేళ్ళు, ఇంకొకరి పేరు కింద.

ఆ ఏడు మేం తీస్తున్నది రాత్రి కథ.
రేవులో హత్య, పొగమంచు, పారిపోయే ఆడమనిషి.
డైరెక్టరు హాలరన్ షెడ్యూలు చదివాడు:
రాత్రి తొమ్మిది మొదలు తెల్లారేదాకా.
ఎవ్వరూ ఎగోన్ మొహంకేసి చూడలేదు.
లైట్లవాళ్ళు చుట్టిన తాళ్ళే మళ్ళీ చుట్టారు.
ఆయన గడియారం చూసుకుని,
"రాత్రిని ఒంటిగంటకి తెప్పిస్తాను,
భోజనాలు త్వరగా కానివ్వండి" అన్నాడు.

అరచెయ్యి అడ్డుపెడితే సూర్యుడు ఆగడంటారు.
జేబులోంచి ఎర్ర గాజుబిళ్ళ తీసి
చొక్కా అంచుతో తుడిచి లెన్సు ముందు బిగించాడాయన.
అంత నీలం కాలిఫోర్నియా ఆకాశం
ఫిల్ము మీద బావిలో నీళ్ళలా నల్లబడింది.
సూర్యుణ్ణి నటుల వీపు వెనక నిలబెట్టి
చంద్రుడి వేషం కట్టించాడు.
రేవు పలకలు తడిపించాడు.
ఎర్ర గాజులో ఎర్ర పెదాలు పాలిపోతాయని
డెల్ఫీన్ ఆర్కట్ పెదాలకి గోధుమ రంగు, కాదు, బురద రంగు పూయించాడు.
ఆమె అద్దం చూసుకుని ఏడ్చింది.
మర్నాడు రషెస్ చూసి మళ్ళీ ఏడ్చింది, వేరేగా.

పద్దెనిమిది రాత్రులు, అన్నీ భోజనం అరక్కముందే.
సాయంత్రం ఏడింటికల్లా ట్రాము ఎక్కేవాడు,
టోపీ సర్దుకుంటూ, తీరిగ్గా.
ఒక్కరోజు పరుగెత్తాడు.
నేను చూడనట్టు
ఫిల్ము డబ్బాకి టేపు చుడుతూ ఉండిపోయాను.

ఇప్పటికీ ఏ అర్ధరాత్రో టీవీలో వేస్తారు ఆ సినిమా.
వెన్నెల భలే ఉంది తాతా, అంటుంది మనవరాలు.
నీడలు చూడమంటాను.
పొట్టి నీడలు,
పాదాల కిందే ముడుచుకున్నవి.

యుద్ధం అయ్యాక రసీదు పట్టుకుని ఇద్దరం వెళ్ళాం.
స్టోరు గదిలో వెతికి వెతికి ఒక కెమెరా తెచ్చారు.
పట్టీ తెగలేదు. అడుగున మేకుతో గీసిన ఇటాలియన్ పేరు,
సాన్ పెడ్రో జాలరి ఎవరిదో. లోపల సగం తీసిన రీలు.
ఇది నాది కాదని చెప్పబోతూ ఆగాడు.
వద్దంటే దీన్ని ఏం చేస్తారని అడిగాడు.
గుమస్తా భుజాలెగరేశాడు.
ఎగోన్ సంతకం పెట్టాడు.

మూడు ఆదివారాలు రేవంతా తిరిగి పడవలవాళ్ళని అడిగాం.
ఆ ఇంటిపేరు వాళ్ళు ముగ్గురున్నారు, ముగ్గురూ కాదన్నారు.
రీలు కడిగిద్దామని నేనంటే,
అది అతని పగలు, అన్నాడు.

పధ్నాలుగో అంకె దగ్గర ఆగి ఉంది ఇప్పటికీ,
నా అలమారాలో, మేజోళ్ళ పక్కన.
చీకట్లోనే ఉంచుతున్నాను.